రక్తప్రవాహము – కాన్సరు కణముల పయనము

(పాఠశాల వార్షికోత్సవమున, తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసము)



వార్షికోత్సవ సభలలో చదువునుగూర్చియో, భాషనుగూర్చియో మాటలాడుట పరిపాటి. నేను మాత్రము ఒక వ్యాధినిగూర్చి మాటలాడుటకు మీ యనుమతి కోరుచున్నాను. కాన్సరు అను మాట వినబడినంతనే మన యిండ్లలో గొంతులు తగ్గును. పిల్లలను అవతలికి పంపుదురు. పెద్దలలో నొకరు "కత్తి తగిలినచో అది పాకును" అందురు. మరియొకరు "సూది గుచ్చినచో నెత్తురులో కలిసి ఒళ్ళంతయు వ్యాపించును" అందురు. ఆ మాట విని, పరీక్షకై బయలుదేరినవారు వెనుకకు మరలుదురు. నెలలు గడచును. మరల వైద్యునియొద్దకు పోవునప్పటికి వ్యాధి నిజముగానే వ్యాపించి యుండును. అప్పుడు ఆ పెద్దల మాటయే ఋజువైనట్లు తోచును.

ఈ భయములో సగము సత్యము కలదు. కాన్సరు కణములు రక్తముద్వారా వ్యాపించుట వాస్తవమే. కాని అవి ఏ దారిని పోవును, ఎచట నిలుచును, ఎన్ని బ్రతికి బట్టకట్టును అను సంగతులు తెలిసికొన్నచో, మిగిలిన సగము భయము నిరాధారమని తేటపడును. ఆ దారిని మీకు చూపుటకే నా ప్రయత్నము.

మన పూర్వులు ఈ వ్యాధిని రాచపుండు అనియు, పుట్టకురుపు అనియు పిలిచిరి. మన శరీరము కోట్లాది కణముల సముదాయము. వానిలో పెక్కు కణములు అవసరమైనప్పుడు రెండుగా చీలును. అవసరము తీరగానే ఆగును. గాయము మానుట, పిల్లలు ఎదుగుట అన్నియు ఈ కట్టుబాటువలననే జరుగుచున్నవి. ఏదేని ఒక కణము ఈ కట్టుబాటును మీరి పెరుగజొచ్చినచో గడ్డ యేర్పడును. అయితే గడ్డలన్నియు కాన్సరు కావు. తన యెల్లను దాటి, పక్కనున్న కండలోనికి, రక్తనాళములలోనికి చొచ్చుకొనిపోవు స్వభావము కలదే కాన్సరు. అట్లు చొచ్చుకొనిపోయి దూరముననున్న మరియొక అవయవములో కాపురము పెట్టుటను వైద్యులు మెటాస్టాసిస్ అందురు. మనము వ్యాప్తి అందము. ఈ వ్యాధివలన కలుగు మరణములలో అధికభాగము మొదట పుట్టిన గడ్డవలన గాక, ఈ వ్యాప్తివలననే కలుగుచున్నవి.

ఇక నెత్తురు నడచు దారి యెట్టిదో చూతము. రక్తము శరీరములో నిరంతరము చక్రమువలె తిరుగుచుండునని ఆంగ్లదేశపు వైద్యుడు విలియం హార్వే 1628లో ఒక గ్రంథమున నిరూపించెను. పెద్దవారి శరీరములో సుమారు 5 లీటర్ల రక్తముండును. విశ్రాంతిగా కూర్చున్న సమయమున హృదయము నిమిషమునకు దాదాపు అంతే రక్తమును చిమ్ముచుండును. అనగా నేను ఈ నాలుగు మాటలు చెప్పునంతలో మీ రక్తము మీ దేహమును ఒకమారు చుట్టివచ్చినదన్నమాట.

హృదయమునుండి వెడలునప్పుడు బృహద్ధమనిలో రక్తము సెకనుకు పదుల సెంటీమీటర్ల వేగముతో పరుగెత్తును. ధమనులు చీలిచీలి, తుదకు వెంట్రుకకంటెను ఎంతో సన్ననివైన కేశనాళికలగును. అచట రక్తపు వేగము సెకనుకు ఒక మిల్లీమీటరు లోపునకు తగ్గిపోవును. దీనికి కారణము కష్టమైనది కాదు. ఇరుకు కాలువలో ఉరకలు వేయు నీరు చెరువులో చేరగానే ఎట్లు నెమ్మదించునో, అట్లే ఒక్క పెద్ద నాళములోని రక్తము కోట్లాది చిన్న నాళములలోనికి పంచబడునప్పుడు నెమ్మదించును. ఆ నెమ్మదిలోనే ప్రాణవాయువు కణములకు అందును. ఆ నెమ్మదిలోనే, దురదృష్టవశమున, కాన్సరు కణమునకు నిలువ నీడ దొరకును.

మరియొక సంగతి కలదు. కేశనాళిక వెడల్పు మిల్లీమీటరులో వెయ్యవ వంతులు అయిదు మొదలు పది వరకు మాత్రమే. ఆ వెయ్యవ వంతును మైక్రాను అందురు. మన ఎఱ్ఱ రక్తకణము ఏడెనిమిది మైక్రానులుండి, మెత్తనిదగుటచే వంగి దూరిపోవును. కాన్సరు కణము తఱచుగా పదిహేను ఇరువది మైక్రానులుండును. కావున అది మొదటి సన్ననాళముల గుంపునొద్దనే జల్లెడలో పడ్డ గింజవలె తగులుకొనుట సహజము.

అందువలన ఏ యవయవమునుండి బయలుదేరిన కణమునకు మొదటి జల్లెడ యెక్కడనున్నదో అదియే ముఖ్య ప్రశ్న. మన బెంగుళూరు చెరువులను తలచుకొనుడు. బెళ్ళందూరు చెరువు నిండి పొరలిన నీరు వర్తూరు చెరువునకు పోవును. బెళ్ళందూరులో కొట్టుకొనివచ్చిన గుర్రపుడెక్క తొలుత వర్తూరులోనే కనబడును గాని హెబ్బాళము చెరువులో కనబడదు. అది గుర్రపుడెక్క యిష్టము కాదు, నీటివాలు.

దేహములోను ఇట్లే. పెద్దప్రేగునుండి వచ్చు రక్తము నేరుగా హృదయమునకు పోదు. అది ప్రత్యేకమైన యొక పెద్ద సిరద్వారా ముందు కాలేయమునకు పోవును. కనుక పెద్దప్రేగు కాన్సరు వ్యాపించినచో తఱచుగా మొదట కాలేయములోనే కనబడును. కాని మలాశయపు క్రిందిభాగమునుండి వచ్చు రక్తములో కొంత కాలేయమును తాకకుండ నేరుగా హృదయమునకు, అటనుండి ఊపిరితిత్తులకు పోవును. కొద్ది అంగుళముల తేడాతో దారియే మారుచున్నది. స్తనము, ఎముక, మూత్రపిండము మున్నగు వానినుండి బయలుదేరిన కణములకు ఊపిరితిత్తులే మొదటి జల్లెడ. ఏలయన శరీరమంతటినుండి హృదయపు కుడిభాగమునకు చేరిన రక్తమంతయు ఊపిరితిత్తులగుండ పోవలసినదే. ఊపిరితిత్తులలోనే పుట్టిన కాన్సరు కణము హృదయపు ఎడమభాగమునకు చేరి, అటనుండి మెదడునకో, ఎముకలకో పోవును.

ఒక్కొక్కచోట దారి మొదట అర్థము కాకుండెను. పురుషులలో ప్రోస్టేటు గ్రంథి కాన్సరు ఊపిరితిత్తులను విడిచి వెన్నెముకలోనే యేల కనబడుచున్నదని వైద్యులు చిరకాలము ఆశ్చర్యపడిరి. 1940లో అమెరికాలోని ఆస్కార్ బాట్సన్ అను శరీరశాస్త్రజ్ఞుడు వెన్నెముక చుట్టునున్న సిరల అల్లికను పరిశీలించి, కటిప్రదేశపు రక్తము ఆ అల్లికద్వారా నేరుగా వెన్నెముకకు పోగలదని చూపెను. ఆ సిరలలో రక్తమును ఒకేవైపు నడపు కవాటములు లేవు. దగ్గునప్పుడు, ముక్కునప్పుడు కడుపులో ఒత్తిడి పెరుగగా రక్తము ఆ దారిని మరలును.

కాన్సరు కణములన్నియు రక్తమునే తొలిమార్గముగా ఎంచుకొనవనియు చెప్పవలెను. శరీరములో శోషరసమను మరియొక ద్రవము ప్రవహించుచున్నది. దాని దారిలోని చిన్న గ్రంథులు ఉబ్బినప్పుడు మనము "బిళ్ళ కట్టినది" అందుము. పొగాకు నములువారికిని, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో నిప్పుకొనను నోటిలోనుంచుకొని అడ్డపొగ త్రాగువారికిని వచ్చు నోటి కాన్సరు సాధారణముగా ముందు మెడలోని బిళ్ళలకు పోవును. రక్తమార్గము పట్టుట పిదప జరుగును.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి ప్రవాహమే సర్వమును నిర్ణయించునని తోచవచ్చును. అమెరికాలో జేమ్స్ యూయింగ్ అను ప్రసిద్ధ వైద్యుడు 1920వ దశకమున ఇంచుమించు అట్లే వాదించెను. కాని అతనికి ముందే, 1889లో, లండను నగరమున స్టీఫెన్ పేజెట్ అను శస్త్రవైద్యుడు వేరొక మాట చెప్పియుండెను. స్తన కాన్సరుతో మరణించిన 735 మంది శవపరీక్షల వివరములను అతడు సేకరించి చూచెను. కాలేయములో తఱచుగా వ్యాప్తి కనబడుచుండగా, ప్లీహములో చాల అరుదుగా కనబడెను. ప్లీహమునకును రక్తము ధారాళముగానే పోవుచున్నది గదా, ఈ భేదమేల? దానికి పేజెట్ చెప్పిన సమాధానము మన రైతులకు చిన్ననాటినుండి తెలిసినదే. విత్తనము గాలికి నలుదెసల కొట్టుకొనిపోవును; తగిన నేల దొరికినచోటనే మొలకెత్తును.

మూత్రపిండములను చూడుడు. హృదయమునుండి వెడలు రక్తములో దాదాపు ఐదవవంతు వానికే పోవును. అయినను ఇతరచోట్ల పుట్టిన కాన్సరు వానిలో స్థిరపడుట అరుదు. వాని తలపై కూర్చున్న చిన్న అడ్రినల్ గ్రంథులకు చేరు రక్తము ఎంతో తక్కువ. అయినను ఊపిరితిత్తుల కాన్సరు వానిలో తఱచుగా కనబడును. యూయింగ్ మాటయు నిజమే, పేజెట్ మాటయు నిజమే. లెనార్డ్ వైస్ అను శాస్త్రజ్ఞుడు 1992లో శవపరీక్షల వివరములను సమీక్షించి, వ్యాప్తి తీరులో దాదాపు మూడింట రెండువంతులు కేవలము రక్తప్రవాహమువలననే వివరింపవచ్చుననియు, తక్కినవానికి నేల స్వభావమును వెదుకవలెననియు తేల్చెను. నీరు విత్తనమును చేర్చును. నేల దానిని పెంచును.

ఇప్పుడు అతిముఖ్యమైన విషయమునకు వచ్చితిని. రక్తములో పడిన కాన్సరు కణములన్నియు కొత్త గడ్డలగునా? కావు. నూటికి నూరుపాళ్ళు అనదగినన్ని నశించిపోవును.

1869లో ఆస్ట్రేలియాలో థామస్ ఆష్‌వర్త్ అను వైద్యుడు, కాన్సరుతో మరణించిన యొక రోగి రక్తమును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందు గడ్డలోని కణములవంటివే కనబడినవని ప్రకటించెను. నాటినుండి రక్తములో కాన్సరు కణములుండుననుట లోకమునకు తెలిసినదే. అటు తరువాత నూరేండ్లకు, 1970లో, అమెరికాలోని ఐసయ్యా ఫిడ్లర్ ఎలుకల రక్తములోనికి గుర్తుపెట్టిన కాన్సరు కణములను ఎక్కించి లెక్కవేసెను. ఒక్క దినము గడచునప్పటికి వేయింటికి ఒకటికూడ ప్రాణముతో మిగులలేదు.

ఇవి ఎలుకలు గదా యని మీరనవచ్చును. మనుష్యులలోను ఇట్టి నిదర్శనమొకటి కలదు. కొందరు స్త్రీలకు అండాశయ కాన్సరువలన కడుపులో నీరు చేరి భరింపరాని బాధ కలుగును. ఆ బాధను తగ్గించుటకు కొన్ని దశాబ్దముల క్రిందట వైద్యులు ఒక సన్నని గొట్టముద్వారా ఆ నీటిని మెడలోని పెద్దసిరలోనికి మళ్ళించెడివారు. ఆ నీటితోపాటు లక్షలాది కాన్సరు కణములు దినదినము నేరుగా రక్తములో పడుచుండెను. డేవిడ్ టారిన్, అతని సహచరులు అట్టివారి శరీరములను మరణానంతరము పరీక్షించి 1984లో ఫలితములను ప్రకటించిరి. అంతటి కణవర్షము కురిసినను, దానివలన వ్యాప్తి విజృంభింపలేదు. కొందరిలో కొత్త గడ్డలే లేవు. ఉన్నవారిలోను అవి చిన్నవిగా, నిద్రాణములుగా నుండెను.

రక్తము కాన్సరు కణమునకు పల్లకి కాదు. అచట ప్రవాహపు ఒరిపిడి దానిని చీల్చును. మన దేహరక్షకములైన తెల్లకణములు దానిని వేటాడును. తన చోటు విడిచివచ్చిన కణము ఆధారము లేక తనంత తానే చచ్చును. మిగిలిన కొద్దికణములకు కొన్ని ఉపాయములు తోడ్పడును. గాయమైనప్పుడు నెత్తురును గడ్డకట్టించు ప్లేట్‌లెట్లు కొన్ని కణములచుట్టు కవచమువలె చేరి తెల్లకణముల కంటబడకుండ కాపాడును. ఒంటరిగా పోవు కణముకంటె నాలుగైదు కలిసి గుంపుగా పోవు కణములు బ్రతుకుట ఎక్కువ. అంత గుంపు సన్ననాళములో ఎట్లు పట్టునని చాలకాలము సందేహముండెను. ఆ గుంపులు ఒకదానివెనుక నొకటిగా బారుకట్టి దూరిపోయి, ఆవల మరల గుంపుకట్టగలవని 2016లో ప్రయోగములద్వారా తెలిసినది.

ప్రవాహవేగము ఏమి చేయునో ప్రత్యక్షముగా చూపిన పరిశోధనయొకటి 2018లో వెలువడినది. ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బుర్గ్ నగరమునందలి పరిశోధకులు దీనికి జీబ్రాచేప పిల్లలను ఎన్నుకొనిరి. మన ఉపఖండపు ఏళ్ళలోను, వరిమళ్ళలోను పుట్టిపెరుగు ఈ చిన్నచేప పిల్లదశలో అద్దమువలె పారదర్శకముగా నుండుటచే, దాని రక్తనాళములలో ఏమి పోవుచున్నదో కంటితో చూడవచ్చును. వారు కాన్సరు కణములను దాని రక్తములో వదలి చూచిరి. ప్రవాహము వడిగానున్నచోట కణములు నిలువలేకపోయెను. సెకనుకు సుమారు అర మిల్లీమీటరు వేగమునకు తగ్గినచోటనే అవి నాళపుగోడకు అంటుకొని నిలిచెను.

ఇంతవరకు మనమూహింపదగినదే. ఆ తరువాత కనబడినది విచిత్రము. కణము నిలిచిన పిదప ప్రవాహము మరింత మందగించినచో అది నాళమునుండి బయటికి పోవుట సులువగునని మనమనుకొందుము. అట్లు జరుగలేదు. నాళపుగోడలోని కణములు, ప్రవాహపు తాకిడి తగులుచున్నప్పుడే కదలివచ్చి, నిలిచియున్న కాన్సరు కణమును చుట్టుముట్టి, నాళములోనుండి ఆవలికి నెట్టుచుండెను. ప్రవాహము బొత్తిగా తగ్గినచోట ఆ పని కుంటుపడెను. అనగా కణము నిలుచుటకు నెమ్మది కావలెను, బయటపడుటకు కొంత వడి కావలెను. ఆ పరిశోధకులే మెదడులో కాన్సరు వ్యాపించిన రోగుల చిత్రములను పరిశీలింపగా, ఆ గడ్డలు రక్తప్రవాహము మందముగానుండు తావులలో ఎక్కువగా నుండెను. చేపలో చూచినది మనుష్యునిలోను సరిపోయినది.

సోదరీ సోదరులారా, ఈ శాస్త్రవిషయములనుండి మన యిండ్లకు పనికివచ్చునది ఏమి?

మొదటిది, సూదిపరీక్షను గూర్చిన భయము. గడ్డనుండి చిన్నముక్క తీసి పరీక్షించుటవలన కొన్ని కణములు కదలవచ్చును. సూది పోయిన దారిలో కణములు నాటుకొనుటయు ఎక్కడనో అరుదుగా జరుగును. అందుకే ఎముక గడ్డల విషయమున సూది ఏ దారిని పోవలెనో తరువాత శస్త్రచికిత్స చేయబోవు వైద్యుడే నిర్ణయించును. వృషణపు గడ్డలకు సాధారణముగా సూది గుచ్చనే గుచ్చరు. ఈ జాగ్రత్తలు వారికి తెలిసినవే. కాని పరీక్ష చేయింపక దాచుకొన్న గడ్డ ఊరకుండదు. అది రేయింబవళ్ళు కణములను రక్తములోనికి వదలుచునే యుండును. వేయింటికి ఒకటికూడ మిగులదని చెప్పితిని. కాని దినమునకు లక్షలు బయలుదేరి, అట్లు నెలలు గడచినచో, ఏదో యొక దినమున ఒక్క కణమునకు తగిన నేల దొరకును. ఒక్క గంట పట్టు పరీక్షకు భయపడి ఆరునెలల కాలమును ఆ గడ్డకు ధారపోయుట ఎట్టి లెక్క?

రెండవది, పరీక్షల విషయము. "బిడ్డకు మోకాలు వాచినదని తీసికొనిపోతిమి; వారు రొమ్మునకు ఫొటో తీసిరి, స్కానింగు చేసిరి; ఇది డబ్బు గుంజుటకే" అని కొందరు నిష్ఠురమాడుదురు. దారి తెలిసినవారికి ఇందలి న్యాయము బోధపడును. ఎదిగెడు వయస్సు పిల్లలకు మోకాలి సమీపమున ఎముకలో ఒకవిధమైన కాన్సరు అరుదుగా పుట్టును. దాని మొదటి జల్లెడ ఊపిరితిత్తులే. అందుచే కాలునకు వైద్యము ఆరంభించుటకు ముందు రొమ్మును చూచుట వైద్యుని ధర్మము. ఆటలలో తగిలిన దెబ్బలే పిల్లలకు తఱచు; ప్రతి వాపునకు బెదరనక్కరలేదు. కాని దెబ్బ తగులకయే వచ్చినదియు, వారములు గడచినను తగ్గనిదియు, రాత్రివేళ నొప్పి హెచ్చునదియు అగు వాపును నూనెతో మర్దనచేయుచు, పసరుకట్లు కట్టుచు కాలము పుచ్చకుడు. ముందు ఎక్స్‌రే తీయింపుడు.

మూడవది, అంటు అను మాట. రక్తములో కాన్సరు కణములు తిరుగుననగానే, ఆ రోగి కంచము, దుప్పటి, స్పర్శ ప్రమాదకరములని తలచువారు కలరు. ఒకరి కాన్సరు కణము మరియొకరి దేహములోనికి తాకిడివలన పోదు. పోయినను ఆ దేహము దానిని పరాయిదిగా గుర్తించి చంపును. తల్లికో తండ్రికో ఈ వ్యాధి వచ్చినదని వారి బిడ్డను మన బిడ్డలు తమ ప్రక్కన కూర్చుండనీయకపోవుట అజ్ఞానము. పెద్దలమగు మనము దానిని చూచి ఊరకుండుట అంతకంటె పెద్ద తప్పు.

నాలుగవది, కదలికనుగూర్చిన భయము. రక్తము వేగముగా తిరిగినచో కణములు ఎక్కువగా వ్యాపించునని, రోగిని మంచమునుండి దిగనీయనివారును కలరు. చేపపిల్లలలో చూచిన వేగములు ఒక్కొక్క సన్ననాళమునకు సంబంధించినవి. నాలుగడుగులు నడచుటవలన వ్యాధి పాకునని దానినుండి తీర్మానింపరాదు. వైద్యుడు వలదన్న సందర్భములు తప్ప, శక్తికొలది నడచుట రోగికి మేలేగాని కీడు కాదు.

ఇక ఈ కథలో మనవాడొకడు కలడు. భీమవరమున 1895లో జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, 1922లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని మీలో అనేకులెరుగుదురు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును, పిదప దానికి విరోధులైన మందులను తయారుచేసిరి. కణము చీలుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దానివలెనే కనబడి దాని పని చెడగొట్టు మందునిచ్చినచో, ఎడతెగక చీలుచుండు కాన్సరు కణము ముందుగా దెబ్బతినును. అందొక మందుతో బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సరు సోకిన పసిపిల్లలకు చికిత్సచేసి, కొంతకాలమైనను వ్యాధి అణగుట చూచి, 1948లో ఆ ఫలితములను ప్రకటించెను. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు 53 ఏండ్ల వయస్సున కన్నుమూసిరి.

ఆ మందులలో మరియొకటియైన మెథోట్రెక్సేటు చేసిన మేలు మన ప్రసంగమునకు మరింత దగ్గరది. గర్భమునందలి మావినుండి పుట్టు కోరియోకార్సినోమా అను కాన్సరు ఒకటి కలదు. తల్లి రక్తనాళములలోనికి చొచ్చుకొనిపోవుట మావికి సహజధర్మము. అందుచే ఆ కాన్సరు అతిత్వరగా రక్తములో దిగి ఊపిరితిత్తులను నింపును. అది వ్యాపించిన స్త్రీలకు నాడు బ్రతుకుమీద ఆశ లేకుండెను. 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్స్ అను వైద్యులు మెథోట్రెక్సేటునిచ్చి, ఊపిరితిత్తులలోని గడ్డలు మాయమైన సంగతిని ప్రకటించిరి. దేహమున వ్యాపించిన గట్టి గడ్డల కాన్సరు మందుతో నయమగుటకు అది తొలి నిదర్శనములలో నొకటి. కణములను ఊపిరితిత్తులకు చేర్చిన రక్తమే, వాని వెనుకనే, మందునుకూడ అచటికి చేర్చినది. శస్త్రవైద్యుని కత్తి చేరలేని మూలమూలకు రక్తము చేరును. పైన చెప్పిన పిల్లల ఎముక కాన్సరునకును లోకములోని అనేక వైద్యాలయములలో నేడు ఈ మందునే ఇతర మందులతో కలిపి యిచ్చుచున్నారు. వ్యాధి మొదటి చోటునే పట్టుబడినచో, ఈ చికిత్సవలన సగమునకు మించిన పిల్లలు కోలుకొనుచున్నారు.

మనము నివసించు నగరమున చికిత్సకు కొరత లేదు. 1973లో నెలకొల్పబడిన కిద్వాయ్ స్మారక కాన్సరు వైద్యసంస్థ హోసూరు రోడ్డుననే యున్నది. దేశములో కాన్సరు రోగుల లెక్క శాస్త్రీయముగా వ్రాయుటకు 1981లో పూనుకొన్నప్పుడు, జనసంఖ్యననుసరించిన లెక్కకు మొదట ఎన్నుకొన్న మూడు నగరములలో బొంబాయి, మద్రాసులతోపాటు బెంగుళూరు ఒకటి. కోలారు, చిత్తూరు, అనంతపురము ప్రాంతములనుండి మన భాషవారు ఎందరో ఇక్కడికి చికిత్సకు వచ్చుచున్నారు.

వారికి కొరతయైనది చాలచోట్ల మాట. వైద్యుడు కన్నడములోనో ఇంగ్లీషులోనో చెప్పును. పల్లెనుండి వచ్చిన అవ్వకు తెలుగు తప్ప మరియొకటి రాదు. నడుమ దుబాసీ ఎవరు? ఎనిమిదవ తరగతియో తొమ్మిదవ తరగతియో చదువుచున్న మన పిల్లడు. "కాలేయములో రెండు మచ్చలున్నవి; అవి పెద్దప్రేగునుండి వచ్చినవి; ముందు మందు, తరువాత శస్త్రము" అని వైద్యుడు చెప్పినదానిని ఆ పిల్లడు "ఒళ్ళంతా పాకిందట, అవ్వా" అని చెప్పినచో, ఆ యింటిలో చికిత్స ఆ క్షణముననే ఆగిపోవును. పిల్లవానిదా తప్పు? కాలేయము, సిర, కణము, వ్యాప్తి అను మాటలను మనము ఎన్నడైనను ఇంటిలో వానితో పలికితిమా? పాఠశాలలో నేర్చిన శరీరశాస్త్రమును ఇంటిభాషలో చెప్పుమని ఒకనాడైనను అడిగితిమా?

కావున మీకు నా విన్నపమిది. ఈ రాత్రి మీ పిల్లలచేత రక్తప్రసరణ పటమును గీయింపుడు. హృదయము, ఊపిరితిత్తులు, కాలేయము, వాని నడుమనున్న దారులు తెలుగులో చెప్పింపుడు. మీ యింటి పెద్దలనుకూడ దగ్గర కూర్చుండబెట్టుకొనుడు. మూడు వారములైనను మానని నోటిపుండు, రొమ్ములో చేతికి తగులు గడ్డ, కారణము తెలియని రక్తస్రావము, తగ్గని వాపు, ఇట్టివి ఎవరికైన నున్నచో దాచుకొనవలదని ఆ సందర్భముననే చెప్పుడు. వైద్యునియొద్ద "ఇది ఎక్కడ పుట్టినది? ఎక్కడికైనను పోయినదా? పోయినచో ఎంతమేరకు?" అను మూడు ప్రశ్నలు అడుగుట నేర్పుడు. వాని సమాధానములు తెలిసిన కుటుంబము భయముతో వెనుకకు మరలదు.